కోలిన్ చాప్‌మన్

ఆంథోనీ కోలిన్ బ్రూస్ చాప్‌మన్ (1928 మే 19 - 1982 డిసెంబర్ 16) సుప్రసిద్ధ బ్రిటిష్ ఇంజనీరు, కార్ల రూపకర్త, లోటస్ కార్ల సంస్థ వ్యవస్థాపకుడు. కారు తేలికగా ఉండవలెననీ, చక్రము నేలను విడువరాదనీ నమ్మి, ఆ రెండు సూత్రాలపైనే తన కార్లన్నిటినీ రూపొందించాడు. ఆయన జీవితకాలంలో లోటస్ జట్టు ఫార్ములా వన్ పోటీలలో 7 సార్లు నిర్మాతల ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకొన్నది. ఆ జట్టు డ్రైవర్లు 6 సార్లు ప్రపంచ విజేతలయ్యారు. కారు అడుగు భాగానికీ, నేలకూ మధ్య ఉండే ఎత్తును (రైడ్ హైట్) అదుపులో ఉంచుట అనే సమస్య ఆయన తొలి కారు నుండి చివరి ప్రయోగం వరకు వెన్నంటి వచ్చింది.

బాల్యము, విద్య

చాప్‌మన్ ఇంగ్లాండులోని సర్రే ప్రాంతానికి చెందిన రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో రైల్వే హోటల్ అనే హోటలును నడిపేవాడు. చాప్‌మన్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివాడు. వంతెనలు, భవనాలు వంటి కట్టడాలలో బరువు ఏ దారిన ప్రయాణిస్తుందో లెక్కించే శాస్త్రమిది. ఎక్కడ బలం అవసరమో అక్కడే లోహాన్ని వాడి, మిగిలిన చోట తగ్గించవలెనన్న దృష్టి ఆయనకు ఈ చదువు నుండే అలవడింది. విద్యార్థిగా ఉన్నప్పుడే విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడుపుట నేర్చుకొన్నాడు. కొంతకాలం బ్రిటిష్ వైమానిక దళంలోను, తరువాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలోను పనిచేశాడు.

తొలి కార్లు

చదువుకొనే రోజులలో చాప్‌మన్ పాత కార్లను కొని అమ్ముతూ ఉండేవాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పెట్రోలు రేషను కఠినతరం కావడంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. అమ్ముడుపోకుండా మిగిలిన 1928 నాటి ఆస్టిన్ సెవెన్ కారును 1948లో పోటీలకు అనువుగా మార్చి నిర్మించాడు. కాబోయే భార్య హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుక గల చిన్న గ్యారేజీలో ఈ పని సాగింది. ఇదే లోటస్ మార్క్ 1. ఆ పేరు ఎందుకు పెట్టాడో చాప్‌మన్ ఎన్నడూ స్పష్టంగా చెప్పలేదు.

కంపెనీ అమ్మిన కారును కొన్న తరువాత, దాని యాక్సిలును, స్ప్రింగులను మార్చి తమ అవసరానికి తగినట్లు సవరించుకొనుట ఆనాటి బ్రిటిష్ యువకులలో బాగా వ్యాప్తిలో ఉండేది. చాప్‌మన్ ఆ సంప్రదాయం నుండి వచ్చినవాడే. ఒకే దూలంగా ఉండే ముందు యాక్సిలును మధ్యకు విడదీసి, రెండు చక్రాలూ విడివిడిగా కదిలేటట్లు చేయుట అప్పటి పద్ధతులలో ఒకటి. ఆయన తన తొలితరం కార్లలో దీనిని అనుసరించాడు.

1952లో హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లతో లోటస్ ఇంజనీరింగ్ సంస్థ ప్రారంభమైంది. వీరి వివాహం 1954లో జరిగింది. సంస్థ తొలి ముఖ్య ఉత్పత్తి మార్క్ 6. సన్నని ఉక్కు గొట్టాలను అతికి చేసిన చట్రము, ఫోర్డు కారు నుండి తీసుకొని విడదీసిన ముందు యాక్సిలు, కాయిల్ స్ప్రింగులు దీని ప్రత్యేకతలు. దీనిని విడిభాగాలుగా అమ్మేవారు. కొన్నవారు ఇంటివద్ద స్వయంగా బిగించుకొనేవారు. ఇట్లు కొన్నచో కొనుగోలు పన్ను తప్పేది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కూడా ఇదే పద్ధతిలో పేరు పొందింది. దాని హక్కులను 1973లో కేటర్‌హామ్ సంస్థ తీసుకొన్నది.

సస్పెన్షనుపై కృషి

పోటీ కారు స్ప్రింగులు గట్టిగా ఉండవలెనని ఆనాటి సామాన్య నమ్మకం. చట్రమే మెత్తగా వంగే కార్లలో స్ప్రింగులను గట్టిగా పెట్టుట తప్ప మార్గం లేదు. చాప్‌మన్ దీనిని తలక్రిందులు చేశాడు. చట్రమును గట్టిగాను, స్ప్రింగులను మెత్తగాను ఉంచి, ఊగును షాక్ అబ్జార్బర్లతో అదుపు చేశాడు. దీనివలన గతుకుల దారిలో సైతం చక్రము నేలను అంటిపెట్టుకొని ఉంటుంది.

1957 నాటి లోటస్ 12 అనే రేసు కారులో వెనుక చక్రాలకు ఆయన వాడిన అమరిక చాప్‌మన్ స్ట్రట్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఇది మెక్‌ఫర్సన్ స్ట్రట్‌కు దగ్గరి బంధువు. మన దేశంలో మారుతి 800 కారు ముందు చక్రాల వద్ద ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఒకే నిలువు కడ్డీగా ఉండుట రెండింటి లక్షణం. చాప్‌మన్ అమరికలో చక్రమును త్రిప్పే డ్రైవ్ షాఫ్టే దానిని ప్రక్కకు జరుగకుండా పట్టి ఉంచుతుంది. ఒక భాగము చేత రెండు పనులు చేయించి, ఒక భాగపు బరువును తగ్గించుట ఆయన పద్ధతి. ఫైబర్ గ్లాసుతో చట్రము, శరీరము ఒకటిగా చేసిన ఎలీట్ (1957), ఉక్కు వెన్నెముక గల ఎలాన్ (1962) కార్లలోనూ ఇదే అమరిక ఉన్నది. మెత్తని స్ప్రింగులతో కూడ మలుపులలో స్థిరంగా ఉండే కారుగా ఎలాన్ నేటికీ ఉదాహరణగా నిలుస్తున్నది.

ఎత్తు సవరణ

ఇటువంటి కార్లకు అభిమానులు బయట కొని అమర్చుకొనే సస్పెన్షన్లలో కారు ఎత్తును మార్చుకొనే వీలుంటుంది. షాక్ అబ్జార్బరు గొట్టముపై మరలు ఉంటాయి. ఆ మరలపై తిరిగే పళ్లెము మీద స్ప్రింగు క్రింది కొస ఆనుతుంది. పళ్లెమును పైకి త్రిప్పితే కారు లేస్తుంది, క్రిందికి త్రిప్పితే దిగుతుంది. మరొక బిళ్ళను బిగించి పళ్లెము కదలకుండా చేస్తారు. దీనివలన స్ప్రింగు గట్టిదనము మారదు, అది నిలిచే చోటు మాత్రమే మారుతుంది.

కారును దించినచో గరిమనాభి దిగి, మలుపులలో ఒరుగుట తగ్గుతుంది. అయితే గతుకు వచ్చినపుడు చక్రము పైకి కదిలే చోటు కూడ తగ్గి, సస్పెన్షను చివరి రబ్బరు దిమ్మకు కొట్టుకొంటుంది. చక్రాల వాలు మారుతుంది. చాప్‌మన్ స్ట్రట్ గల కార్లలో ఈ మార్పు ప్రత్యేకంగా గమనించదగినది. నాలుగు మూలలలో ఒకదానిని మాత్రమే ఎత్తితే, బరువు ఆ మూలపైన, దానికి ఐమూలగా ఉన్న దానిపైన ఎక్కువగా పడుతుంది. కనుక ఎత్తు మార్చిన పిమ్మట చక్రాల అమరికను సరిచూడవలసి ఉంటుంది. ఒక లాభమును పొందుటకు వేరొకటి వదులుకొనక తప్పదు. చాప్‌మన్ ఫార్ములా వన్‌లో చివరి వరకు పెనుగులాడినది ఈ చిక్కుతోనే.

ఫార్ములా వన్

లోటస్ 1958లో ఫార్ములా వన్‌లో ప్రవేశించింది. 1960 మొనాకో పోటీలో స్టిర్లింగ్ మాస్, రాబ్ వాకర్ జట్టు తరఫున నడిపి, లోటస్ కారుకు తొలి గ్రాండ్ ప్రీ విజయాన్ని అందించాడు. 1962లో వచ్చిన లోటస్ 25లో గొట్టాల చట్రానికి బదులు విమానాలలో వలె లోహపు రేకుల తొట్టి వంటి నిర్మాణం (మోనోకాక్) వాడారు. జిమ్ క్లార్క్ 1963, 1965 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయ్యాడు. 1965లో అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 పోటీని సైతం గెలిచాడు. 1967 నాటి లోటస్ 49లో ఇంజనునే చట్రములో భాగంగా వాడారు. గ్రాహం హిల్ (1968), యోఖెన్ రింట్ (1970), ఎమర్సన్ ఫిటిపాల్డి (1972), మారియో ఆండ్రెట్టి (1978) లోటస్ కార్లలో విజేతలైన ఇతరులు.

ప్రమాదములు, విమర్శలు

లోటస్ కార్లు వేగవంతమైనవే గాని పెళుసైనవనే విమర్శ మొదటి నుండి ఉన్నది. 1960లో బెల్జియంలోని స్పా వద్ద సాధన సమయంలో చక్రము ఊడి స్టిర్లింగ్ మాస్ తీవ్రంగా గాయపడ్డాడు. అదే రోజు మైక్ టేలర్ కారు స్టీరింగు భాగము విరిగి ప్రమాదానికి గురైంది. ఆయన లోటస్‌పై దావా వేసి గెలిచాడు. క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ పోటీలో మరణించాడు. ఆత్మీయ మిత్రుని మరణం చాప్‌మన్‌ను క్రుంగదీసింది. యోఖెన్ రింట్ కారు బలహీనతను గురించి చాప్‌మన్‌కు లేఖ వ్రాసి హెచ్చరించాడు. ఆయన 1970 సెప్టెంబర్ 5న ఇటలీలోని మోంజాలో మరణించాడు. ముందు బ్రేకు షాఫ్టు విరిగినట్లు తరువాత తేలింది. అప్పటికే సాధించిన పాయింట్ల వలన ఆయనకు మరణానంతరం ప్రపంచ విజేత బిరుదు లభించింది. బరువు తగ్గించుటలో ఎక్కడ ఆగవలెనన్న ప్రశ్న చాప్‌మన్ ఖ్యాతిని ఎన్నడూ విడువలేదు.

గ్రౌండ్ ఎఫెక్ట్

1975లో జట్టు వెనుకబడినపుడు చాప్‌మన్ కొత్త కారుకు మార్గదర్శకంగా ఒక దీర్ఘమైన పత్రాన్ని తయారుచేశాడు. టోనీ రడ్, పీటర్ రైట్ తదితరులు గాలి సొరంగంలో ప్రయోగాలు చేసి, కారు ప్రక్క భాగాల అడుగును తలక్రిందులైన విమానపు రెక్క వలె మలిచారు. అడుగున వేగంగా పోయే గాలి పీడనము తగ్గి, కారు నేలకు అదుముకొంటుంది. దీనినే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. ప్రక్కల నుండి గాలి చొరబడకుండా నేలను తాకే స్కర్టులను అమర్చారు. లోటస్ 78 (1977), లోటస్ 79 (1978) కార్లు ఈ సూత్రంతో సాటిలేని విజయాలు సాధించాయి. అయితే 1978లో మోంజా ప్రమాదంలో గాయపడిన జట్టు డ్రైవరు రోనీ పీటర్సన్ మరునాడు మరణించాడు.

ఈ విజయం చాప్‌మన్ పాత సూత్రానికే ఎదురు తిరిగింది. అడుగు ఎత్తు ఏమాత్రం మారినా అదుముడు బలము మారిపోతుంది. దానిని నిలుపుటకు స్ప్రింగులను అతి గట్టిగా పెట్టవలసి వచ్చింది. గ్రౌండ్ ఎఫెక్ట్‌ను మరింత పెంచిన లోటస్ 80 (1979) ఎగిరెగిరి పడుతూ అదుపు తప్పుచుండుటచే కొన్ని పోటీల తరువాత దానిని మానుకొన్నారు.

ఆరు సెంటీమీటర్ల నియమము

వేగాన్ని తగ్గించుటకు 1981లో కదిలే స్కర్టులను నిషేధించి, కారుకు నేల నుండి కనీసం 6 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెనని నియమం విధించారు. కొలత మాత్రం కారు ఆగి ఉన్నప్పుడే సాధ్యము. బ్రభామ్ జట్టు రూపకర్త గోర్డన్ మర్రే, వేగంలో గాలి వత్తిడికి దిగిపోయి, నెమ్మదించినపుడు తిరిగి లేచే సస్పెన్షనును తయారుచేశాడు. ఇతర జట్లు అదే దారి పట్టాయి.

చాప్‌మన్ పరిష్కారం వేరు. ఆయన లోటస్ 88లో రెండు ఛాసిస్‌లు పెట్టాడు. గాలి వత్తిడిని భరించే బయటి ఛాసిస్ ఆ బలాన్ని నేరుగా చక్రాల వద్దకు చేర్చేది. డ్రైవరు, ఇంజను ఉండే లోపలి ఛాసిస్ మెత్తని స్ప్రింగులపై నిలిచేది. గట్టి స్ప్రింగుల వలన డ్రైవరు శరీరానికి కలిగే బాధను తొలగించి, తన మెత్తని స్ప్రింగుల సూత్రమును మరల నిలుపుట ఇందలి ఉద్దేశం. లాంగ్ బీచ్ పోటీలో తనిఖీదారులు మొదట అనుమతించినా, ఇతర జట్ల అభ్యంతరాలపై దానిని తొలగించారు. తరువాత చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. ఆ కారు ఒక్క గ్రాండ్ ప్రీలోనైనా పాల్గొనలేదు. నియమాన్ని ఆగి ఉన్నప్పుడు మాత్రమే పాటించే కార్లు పోటీలో ఉండగా తన కారును నిషేధించుట చాప్‌మన్‌ను తీవ్రంగా బాధించింది.

డెలోరియన్ వ్యవహారము

1978లో అమెరికన్ జాన్ డెలోరియన్ తలపెట్టిన కారును ఉత్పత్తికి సిద్ధపరచే పనిని లోటస్ చేపట్టింది. ఆ కారుకు లోటస్ పద్ధతిలో వెన్నెముక వంటి చట్రము అమరింది. ముందు భాగము ఎత్తుగా ఉండుటచే పలువురు యజమానులు తరువాతి కాలంలో పొట్టి స్ప్రింగులు కొని దానిని దించుకొన్నారు. బ్రిటిష్ ప్రభుత్వ ధనంతో ఉత్తర ఐర్లాండ్‌లో నెలకొల్పిన ఆ సంస్థ 1982లో దివాళా తీసింది. లోటస్‌కు చెందవలసిన సొమ్ములో పెద్ద మొత్తం పనామాలో నమోదైన ఒక సంస్థ ద్వారా మళ్ళినట్లు దర్యాప్తులో తేలింది. లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో జైలు శిక్ష పడింది. చాప్‌మన్ జీవించి ఉంటే ఇంకను దీర్ఘమైన శిక్ష పడి ఉండేదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డాడు.

మరణము

లోటస్ 88 నిషేధం తరువాత చాప్‌మన్ యాక్టివ్ సస్పెన్షనుపై దృష్టి సారించాడు. ఇందులో హైడ్రాలిక్ జాకులు కంప్యూటరు ఆదేశాలను అనుసరించి కారు ఎత్తును క్షణక్షణం సరిచేస్తాయి. 1982 ఆగస్టులో ఎలియో డి ఏంజెలిస్ ఆస్ట్రియాలో సాధించినది చాప్‌మన్ చూసిన చివరి విజయం. 1982 డిసెంబర్ 16న ఆయన గుండెపోటుతో 54వ యేట మరణించాడు. యాక్టివ్ సస్పెన్షను గల తొలి ఫార్ములా వన్ కారును లోటస్ జట్టు పరీక్షించినది అదే రోజున.

వారసత్వము

1987లో అయర్టన్ సెన్నా మొనాకోలో ఈ సస్పెన్షను గల లోటస్ 99టి కారుతో గెలిచాడు. ఇతర జట్లు దానిని మరింత అభివృద్ధి చేయగా 1994 నుండి నిషేధించారు. లోటస్ జట్టు కూడ ఆ సంవత్సరంతోనే ముగిసింది. 1983లో కార్ల అడుగు చదునుగా ఉండవలెనన్న నియమంతో తొలగిన గ్రౌండ్ ఎఫెక్ట్‌కు 2022 నియమాలు తిరిగి చోటిచ్చాయి. వెంటనే లోటస్ 80 నాటి ఎగిరిపాటు మరల కనిపించింది. డ్రైవర్లు వెన్ను నొప్పి గురించి ఫిర్యాదు చేయగా, 2023లో అడుగు అంచులను 15 మిల్లీమీటర్లు పైకి లేపించారు. లోటస్ 88లో చాప్‌మన్ పరిష్కరించ బూనిన సమస్య ఇదే.