హకారు హషిమోతో

కంఠం ముందుభాగాన సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండే అవటు గ్రంథిని నిత్యవ్యవహారంలో థైరాయిడ్ అంటున్నాము. దానికి వచ్చే వ్యాధులలో ఒకదానికి హషిమోతో వ్యాధి అని పేరు. వైద్యుల చీటీమీద ఈ పేరు చూచినవారు చాలమందే ఉంటారు. ఆ పేరుగల మనిషిని ఎరిగినవారు అరుదు.

హకారు హషిమోతో 1881 మే 5వ తేదీన జపాను దేశంలో, మియె పరగణాకు చెందిన ఇగా ప్రాంతపు పల్లెలో జన్మించారు. ఆ ఇంట వైద్యం తరతరాలుగా వచ్చిన వృత్తి. తాతగారు ఆ ప్రాంతంలో పేరుమోసిన వైద్యులు. మన పట్టణాలలో హకీముల ఇండ్లను, పల్లెలలో వైద్యుల ఇండ్లను చూచినవారికి ఆ వాతావరణాన్ని వేరుగా వర్ణింప పనిలేదు.

1903లో ఆయన ఫుకువోకా నగరంలో కొత్తగా నెలకొన్న వైద్య కళాశాలలో చేరి, 1907లో అక్కడి తొలి పట్టభద్రులలో ఒకరయ్యారు. క్యూషూ విశ్వవిద్యాలయానికి మూలం ఆ కళాశాలయే. పిదప శస్త్రచికిత్సాచార్యులు హయారి మియాకే గారివద్ద శిష్యరికం చేశారు.

అక్కడ నలుగురు స్త్రీల నుండి తీసిన వాచిన అవటు గ్రంథులు ఆయన సూక్ష్మదర్శిని క్రిందికి వచ్చాయి. నలుగురూ నలుబదియేండ్లు దాటినవారే. సాధారణమైన గాయిటరులో కానరాని దృశ్యం వాటిలో కనిపించింది. శరీర రక్షణకు పాటుపడే లింఫోసైట్లనే తెల్లకణాలు గ్రంథి అంతటా దండు విడిసినట్లు క్రిక్కిరిసి ఉన్నాయి. హార్మోనును తయారుచేసే కణాలు రూపుమారాయి. నడుమ నారవంటి కణజాలం పెరిగింది. రక్షకభటులు ఊరిలోనికి ఎందుకు చొరబడ్డారో ఆనాడు చెప్పగలవారు లేరు. ఆయన మాత్రం కన్నదానిని కన్నట్లు వర్ణించి, ఇది అంతవరకు ఎరిగిన రీడెల్ వ్యాధి కాదు, వేరొకటి అని వాదించారు. ముప్పది పుటల ఆ వ్యాసం, ఐదు చిత్రాలతో, 1912లో జర్మను శస్త్రచికిత్సా పత్రికలో అచ్చయింది. ఊహకంటె చూపును నమ్మిన ఆ నిగ్రహమే నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోస్తుంది.

తరువాత ఆయన జర్మనీలో గోటింగెన్ వెళ్లి కౌఫ్‌మన్ ఆచార్యులవద్ద రోగనిదాన శాస్త్రం అభ్యసించారు. ప్రపంచయుద్ధం ఆ చదువును సాగనీయలేదు. స్వదేశం చేరి, 1916 నాటికి సొంతవూరిలో వైద్యవృత్తి చేపట్టారు. విశ్వవిద్యాలయ పీఠం లేదు, పరిశోధనశాల లేదు. పల్లె రోగులే ఆయన లోకం. పాశ్చాత్యులలో పలువురు ఆయన వర్ణించినది రీడెల్ వ్యాధికి తొలిదశ మాత్రమేనని తలచారు. 1931లో అమెరికాలో గ్రాహం, మెక్‌కలా అనేవారు అది వేరు వ్యాధియేనని నిరూపిస్తూ తమ వ్యాసశీర్షికలోనే హషిమోతో పేరు చేర్చారు. మూడేండ్లు గడవకమునుపే, 1934 జనవరి 9న, ఏబది రెండవ యేట, టైఫాయిడు జ్వరంతో ఆయన కన్నుమూశారు.

ఆయన విడిచిపెట్టిన ప్రశ్నకు సమాధానం 1956లో లభించింది. లండనులో డెబొరా డోనియాక్, ఐవన్ రాయిట్, పీటర్ కాంప్‌బెల్ ఈ రోగుల రక్తరసంలో సొంత అవటు గ్రంథి పదార్థాన్నే శత్రువుగా ఎంచే ప్రతిరక్షకాలను కనుగొన్నారు. అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ అదే యేట కుందేళ్లలో ఇటువంటి వ్యాధిని కలుగజేసి చూపారు. శరీరం తన్ను తానే గాయపరచుకొంటున్నదన్నమాట.

ఆ పొరపాటు కొన్ని కుటుంబాలలోనే తరచుగా ఎందుకు కనిపిస్తుంది? డెన్మార్కులో కవలలను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితాలు చూడదగినవి. ఈ జాతి వ్యాధివల్ల అవటు గ్రంథి మందగించినప్పుడు, ఒకే అండం నుండి పుట్టిన కవలలలో ఇద్దరికీ అది వచ్చిన జంటలు నూటికి 55. వేరువేరు అండాల కవలలలో ఒక్క జంటయూ లేదు. జన్యువుల పాత్రకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అరుదు. అయితే నూటికి నూరు కాలేదనుటను మరువరాదు. అయోడిను అధికమగుట వంటి బయటి కారణాలకూ చోటున్నది.

బాధ్యతగల జన్యువు ఒక్కటి కాదు. ఆరవ క్రోమోజోముమీది హెచ్.ఎల్.ఏ. జన్యువులు ఏది తనది, ఏది పరాయిది అని రక్షణకణాలకు చూపుతాయి. రెండవదానిమీది సి.టి.ఎల్.ఏ.-4 ఆ కణాల ఉద్రేకానికి కళ్లెం వంటిది. అది సడలితే దాడి ఆగదు. ఎనిమిదవదానిమీది థైరోగ్లోబులిన్ జన్యువు, దాడికి గురియయ్యే పదార్థానిదే. వీటిలో ఏ ఒక్కటీ ఒంటిగా వ్యాధి తేలేదు. చిన్నచిన్న వాటాలు కలిసి బరువవుతాయి. హషిమోతో పరీక్షించిన నలుగురూ స్త్రీలే కావటం కేవలం యాదృచ్ఛికం కాదు. పురుషులకంటె స్త్రీలలో ఈ వ్యాధి ఎన్నో రెట్లు అధికం.

కనుకనే నేడు ఒక తల్లికి ఈ వ్యాధి ఉన్నదని తెలిసి, కుమార్తెలోనో చెల్లెలిలోనో అలసట, చలికి తాళలేకపోవుట, కారణం లేని బరువు కనిపిస్తే, వైద్యులు వెంటనే రక్తంలో టి.ఎస్.హెచ్. పరీక్ష చేయిస్తారు. కొరతపడిన హార్మోను థైరాక్సిన్ మాత్రగా, రోజూ పరగడుపున, మంచినీటితో వేసుకొనుటకు దొరుకుతుంది.