దినమునకు నలువది పంక్తులు
(విలియం కౌపరు జీవితము)

ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చిన కీర్తన పాడని తెలుగు సంఘము అరుదు. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున పాడుదుము, కూటములలో పాడుదుము, చావు ఇండ్లలోను పాడుదుము. దానిని ఆంగ్లమున రచించిన విలియం కౌపరు (ఇంటివారు కూపరు అని పలికెడివారు) తన జీవితపు చివరి 27 సంవత్సరములు ఆ ఊట లోకమంతటికి గలదు గాని తనకు మాత్రము లేదని నమ్మినవాడని చెప్పినయెడల చదువరులు ఆశ్చర్యపడుదురు. అయినను అది నిజము.

ఆయన కథను ఈ మాసము ఎత్తుకొనుటకు కారణము గలదు. కారణము లేని భయము, గుండెదడ, రాత్రి నిద్రలేమి, రేపేమగునో యను దిగులు గలవారు మన గ్రామములలో కొద్దిమంది కారు. ఇట్టివారికి నేడు వైద్యులు ఇంటియొద్ద తమంతట తాము చేసికొనదగిన అభ్యాసములను చెప్పుచున్నారు. నెమ్మదిగా ఊపిరి తీయుట, దిగులును కాగితముపై వ్రాసికొనుట, దినమును నడచుట, భయపడు పనిని కొంచెము కొంచెముగా సమీపించుట మొదలైనవి వాటిలో నుండును. కొన్ని వారములపాటు వరుసగా చేయవలెను. చిన్న పుస్తకములుగా దొరకును, సెల్‌ఫోనులోను దొరకును. వాటిని మొదలుపెట్టువారు అనేకులు, ముగించువారు కొందరే. రెండు వారములు గడచినను గుణము కనబడలేదని ఒకరు, నడుమ నాలుగు దినములు తప్పిపోయినది గనుక ఇక వృథాయని ఒకరు మానివేయుదురు. విశ్వాసముంటే ఇవన్నియు ఎందుకని ఇరుగుపొరుగువారు అనిరని సిగ్గుపడి మానువారును గలరు. వీరందరిని మనస్సునందుంచుకొని మేము కౌపరు జీవితమును చదివితిమి.

ఆయన 1731 నవంబరులో ఇంగ్లండు దేశమందలి బర్కమ్‌స్టెడ్ అను ఊరిలో పుట్టెను. తండ్రి అక్కడి సంఘకాపరి. ఆరేండ్ల వయస్సులో తల్లి చనిపోయెను. వెంటనే దూరపు బడికి పంపగా, పదునైదేండ్ల కుర్రవాడొకడు ఆ చిన్నవానిని రహస్యముగా ఎంత హింసించెననగా, తలయెత్తి వాని ముఖము చూడజాలక జోళ్ల బకిలీలను బట్టి వానిని గుర్తుపట్టెడివాడు. తరువాత వెస్ట్‌మినిస్టరు బడిలో చదివి, న్యాయవాదియై, 1754లో పట్టా పొందెనే గాని వృత్తి సాగలేదు. పినతండ్రి కుమార్తెను ప్రేమింపగా ఆమె తండ్రి అంగీకరించలేదు.

1763లో బంధువొకడు ప్రభువుల సభలో మంచి ఉద్యోగము చూపెను. అయితే దానికై సభయెదుట నిలువబడి ప్రశ్నలకు జవాబియ్యవలసియుండెను. పదిమందిలో నోరు విప్పుటయే ఆయనకు మరణముతో సమానము. ఆ పరీక్షకై నెలల తరబడి కచ్చేరీకి పోయి పుస్తకములు తెరచి కూర్చుండెను. కన్నులు అక్షరములను చూచినవి, మనస్సు ఒక్కటియు గ్రహించలేదు. నడుమ సముద్రతీరమందలి మార్గేటునకు పోయి కొన్ని వారములుండగా ఎంతో తేలికపడెను. తిరిగి కచ్చేరీ గడప త్రొక్కగానే భయము మునుపటికంటె బలముగా పట్టుకొనెను. భయము నుండి పారిపోయిన దినములలో కలుగు నెమ్మది ఎట్టిదో ఇక్కడ మనకు తెలియుచున్నది. అది అప్పుగా తెచ్చుకొన్న నెమ్మది. పరీక్షదినము సమీపించినకొలది మతి చలించి, తన ప్రాణమును తానే తీసికొన యత్నించెను. దేవుని కృపవలన అది సాగలేదు.

ఆయన సహోదరుడు, స్నేహితులు ఆయనను దాచిపెట్టలేదు. సెయింట్ ఆల్బన్స్‌లో నతానియేలు కాటన్ అను వైద్యుడు నడుపుచున్న చిన్న ఆసుపత్రికి చేర్చిరి. ఆ కాలమందు మతి తప్పినవారిని గొలుసులతో కట్టుట, కొట్టుట సామాన్యము. కాటన్ గారో, మృదువుగా మాటలాడువాడు, భక్తిపరుడు. అక్కడ సుమారు ఏడాదిన్నర యుండెను. 1764 జూలైలో ఒక ఉదయమున కిటికీయొద్ద కూర్చుండి బైబిలు తెరువగా రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము కంటబడి, మొదటిసారిగా క్షమాపణ సంతోషము కలిగెను. వైద్యుడును వాక్యమును ఒకే కప్పుక్రింద ఆయనకు దొరికిరి. రెంటిలో ఏది బాగుచేసెనని వాదించువారితో మాకు పని లేదు.

పిమ్మట హంటింగ్డన్‌లో మోర్లీ అన్విన్ అను బోధకుని కుటుంబముతో కలిసి నివసించెను. 1767లో ఆ బోధకుడు గుఱ్ఱముపైనుండి పడి మరణించగా, భార్యయగు మేరీ అన్విన్ అమ్మగారును కౌపరును ఓల్నీ అను ఊరికి వచ్చిరి. అది బీదలు లేసు అల్లుకొని బ్రతుకు ఊరు. అక్కడి సంఘమును ఏలుచున్నవాడు జాన్ న్యూటన్, మునుపు బానిసలను మోయు ఓడకు నాయకుడు, మారుమనస్సు పొందినవాడు. న్యూటన్ పాదిరిగారు ఈ దుర్బలుని చేయి పట్టుకొనెను. ఇద్దరును కీర్తనలు వ్రాయ మొదలిడిరి. 1779లో అచ్చుపడిన ఓల్నీ కీర్తనల గ్రంథమందు 348 కీర్తనలుండగా అరువదికి పైగా కౌపరువి.

అయితే ఆ పని సగములో నుండగా, 1773 జనవరిలో, రోగము తిరుగబడెను. దేవుడు తన్ను విడనాడెనని స్వప్నములో వినెనట. ఆనాటినుండి మరణమువరకు ఆయన ఆరాధనకు వెళ్లలేదు. బల్లయొద్ద ఇతరులు ప్రార్థించుచుండగా తనకు ప్రార్థించు హక్కు లేదని ఊరక కూర్చుండెడివాడు. కొన్ని నెలలకు న్యూటన్ గారి యింటికి వచ్చి, పోననెను. ఒక్క రాత్రికని వచ్చిన అతిథి ఏడాదికి పైగా నిలిచిన ఆ యింటివారి ఓర్పును గూర్చి ఎవరును కీర్తన కట్టలేదు, కట్టియుండవలసినది. న్యూటన్ గారు వాదములు చాలించి, ఆయనను పెరటిలో పని చేయనిచ్చెను. 1774 మే నెలలో ఒకనాడు కోళ్లకు మేత వేయుచుండగా ఏదో చూచి కౌపరు చిన్నగా నవ్వెను. పదునారు నెలలలో ఆయన ముఖముపై కనబడిన మొదటి నవ్వు అదియేయని న్యూటన్ గారు లెక్కవేసి వ్రాసియుంచెను.

అక్కడినుండి కౌపరు తన వైద్యము తానే చేసికొన నారంభించెను. పొరుగువారు ఒక కుందేటిపిల్లను తెచ్చి యిచ్చిరి. సంగతి తెలిసి ఊరంతయు కుందేళ్లను తేసాగగా మూటిని ఉంచుకొనెను. పుస్, టైనీ, బెస్ అని ఆడపేరులు పెట్టెను గాని మూడును మగవే. వాటికి పెట్టెలు స్వయముగా చేసెను. వడ్రంగము నేర్చెను. గాజు పందిరిలో దోసపాదులు పెంచెను. బొమ్మలు గీసెను. వీటిలో కొన్ని నిలిచినవి, కొన్ని మానివేసెను. పుస్ అను కుందేలు సుమారు పండ్రెండేండ్లు బ్రతికెను. మేత వేళకు వేయవలెను గదా, యజమానుని మనస్సు బాగుండువరకు కుందేలు ఆగదు. ఈ సంగతి మాకు మిక్కిలి నచ్చినది.

1780లో న్యూటన్ గారు లండనుకు పోగా, అన్విన్ అమ్మగారు ఏదైన పెద్ద పద్యము వ్రాయుమని ప్రోత్సహించిరి. ఏబదియేండ్ల వయస్సున, 1782లో, ఆయన మొదటి పద్యగ్రంథము వెలువడెను. 1785లో ‘ది టాస్క్’ అను కావ్యముతో దేశమంతయు ఆయన పేరు పాకెను. ఆ కీర్తి ఆయన లోపలి చీకటిని ఒక్క దీపమంతయైనను తగ్గించలేదు. మేము చెప్పదలచిన కథ అటుపిమ్మటిది.

1784 నవంబరులో ఒకనాడు దిగులు భరింపరాక, మనస్సు మరల్చుకొనుటకు మాత్రమే, గ్రీకు మహాకవి హోమరు పుస్తకము తెరచి మొదటి పండ్రెండు పంక్తులను ఆంగ్లము చేసెను. మరునాడును అదే అవసరము, అదే మందు. అట్లు సాగుచుండగా హోమరు రెండు కావ్యములను సంపూర్ణముగా తర్జుమా చేయుటకు నిశ్చయించుకొనెను. అవి 27,000కు పైగా పంక్తులు. ఆయన పెట్టుకొన్న కొలత దినమునకు నలువది పంక్తులు. మనస్సు తేలికగా నున్నను నలువదియే, బరువుగా నున్నను నలువదియే. ఈనాడు నేను బాగున్నానా అని తన్ను తాను అడుగుకొనువానికి కౌపరు వంటి రోగములో లేదనియే జవాబు వచ్చును. నలువది పంక్తులు అయినవా అను ప్రశ్నకు మాత్రము కాగితమే జవాబియ్యగలదు. అభ్యాసమును నడుమ మానువారిలో పెక్కుమంది తప్పు ప్రశ్న వేసికొనుచున్నారని మా అభిప్రాయము. భయమును ఎదుర్కొను అభ్యాసములో మొదటి వారములలో భయము తగ్గుటకు మారుగా కొంత హెచ్చుటయు కలదు. ఆ దినములలో మనస్సును సాక్షిగా పిలిచినచో అది మనకు విరోధముగానే పలుకును.

ఆయన ఒంటరిగా చేయలేదని కూడ గమనింపుడు. అన్విన్ అమ్మగారు ప్రక్కన కుట్టుపనితో కూర్చుండెడివారు. పని ముగియగానే ఇద్దరును నడకకు పోవుదురు. ఎంతవరకు వచ్చినదో స్నేహితులకు ఉత్తరములలో వ్రాసెడివాడు. ముందుగా చందా వేసినవారు పుస్తకమునకై ఎదురుచూచుచుండిరి. పని వాకిట అడుగువారుండుట మంచిదే.

1786లో వెస్టన్ అను దగ్గరి ఊరికి మారిరి. ఆ నెలలోనే అన్విన్ అమ్మగారి కుమారుడు చనిపోయెను. 1787 జనవరిలో కౌపరునకు రోగము మరల వచ్చి, సుమారు ఆరు మాసములు కలము ముట్టలేదు. ఇక్కడ పని ఆగిపోవలసినదే. లేచిన తరువాత ఆయన మొదటినుండి ఆరంభింపలేదు, తప్పిపోయిన దినముల లెక్క తీర్చుటకు దినమునకు ఎనుబది పంక్తులును వేసికొనలేదు. విడిచిన చోట పట్టుకొనెను. 1791 జూలైలో హోమరు రెండు సంపుటములుగా అచ్చుపడెను.

అన్నియు ముగించెనని చెప్పుట అబద్ధమగును. అదే సంవత్సరము ఒక ప్రచురణకర్త కోరగా మిల్టను మహాకవి గ్రంథములకు వ్యాఖ్యానము వ్రాయ నొప్పుకొనెను. ఆ డిసెంబరులో అన్విన్ అమ్మగారికి పక్షవాతము వచ్చెను, మరుసటి మే నెలలో మరల వచ్చెను. ఇరువదియేండ్లకు పైగా తన్ను సాకిన చేతులు చచ్చుబడగా, ఇప్పుడు ఆయనయే ఆమెను సాకవలసివచ్చెను. మిల్టను పని మెడలో తిరుగటిరాయివలె వ్రేలాడి, ముగియకయే పోయెను. ఒకడు ముగింపలేని కాలములు కలవు. ఆ పని ఆనాడే విడిచి, క్షమించుమని ప్రచురణకర్తకు వ్రాసియుండిన మేలని మాకు తోచుచున్నది.

1795లో తల్లితరపు బంధువగు జాన్ జాన్సన్ అను యువ బోధకుడు ఇద్దరిని నార్ఫకు ప్రాంతమునకు తీసికొనిపోయెను. 1796 డిసెంబరులో అన్విన్ అమ్మగారు మరణించిరి. కౌపరు ప్రతి ఉదయము భయముతో మేల్కొనెడివాడు. ఎవరితోను మాటలాడడు. జాన్సన్ ఆయనకు ఉపదేశము చేయలేదు. కౌపరు దినమును దాటిపోవు గదిలో హోమరు గ్రంథములను తెరచి పెట్టి ఊరకుండెను. ఆయన ఒకనాడు నిలిచి చూచెను. తన తర్జుమాలోని పంక్తి యొకటి దిద్దెను. ఏలీయా చెట్టుక్రింద చావు కోరినప్పుడు దూత మొదట ఏమి బోధించెనో 1 రాజులు 19వ అధ్యాయమున వెదకుడు. రొట్టెయు నీళ్లును పెట్టి లేపెను, అంతే.

మీ యింట ఇట్టివారుండినయెడల బల్లమీద పుస్తకము తెరచిపెట్టువారు మీరే కావచ్చును. అయితే వారు చావుమాట మాటలాడినప్పుడు పుస్తకములతో ఆగక, ఒంటరిగా విడువక, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపొండు. కౌపరు తమ్ముడు చేసినది అదియే.

దిద్దుబాటు పని మరల ఆగెను, మరల సాగెను. 1799 మార్చి 8వ తేదీన హోమరు తర్జుమా అంతయు రెండవసారి దిద్దుట ముగిసెను. కొద్ది దినములకే, నడిసముద్రమున ఓడనుండి పడి మునిగిపోయిన నావికుని గూర్చి ఆయన తన చివరి గొప్ప పద్యము వ్రాసెను. దానిలో ఆదరణ లేదు. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డియరం‌లో కన్నుమూసెను. దిద్దిన హోమరును 1802లో జాన్సన్ అచ్చువేయించెను.