ప్రగడ కోటయ్య: మగ్గం కోసం జీవితాంతం పోరాటం.. ఎవరీ నేతన్నల నాయకుడు?

దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో చేనేత చీర పక్కనే అచ్చం అలాగే ఉండే మరమగ్గం చీర కనిపిస్తుంది. రేటు చూసి చాలామంది రెండోదే తీసుకుంటారు. ఈ పోటీ ఈనాటిది కాదు. దీని మీద దశాబ్దాల పాటు కొట్లాడిన నాయకుడు ప్రగడ కోటయ్య.

1915లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు కోటయ్య. ఆచార్య ఎన్జీ రంగా బాటలో ప్రజా జీవితంలోకి వచ్చారు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే, నేతన్నలను కూడగట్టి మద్రాసులో సత్యాగ్రహం చేశారు. చీరాల ఎమ్మెల్యేగా గెలిచారు. తర్వాత రాజ్యసభకూ వెళ్లారు.

కొన్ని రకాల బట్టలు చేనేతకే వదిలేయాలన్నది ఆయన ప్రధాన డిమాండ్. 1985లో కేంద్రం అలాంటి చట్టమే తెచ్చింది. మరుసటి ఏడాది 22 రకాలను చేనేతకు రిజర్వ్ చేసింది. దీనిపై కేసులు పడ్డాయి. దాంతో చట్టం అమలు ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

ఈలోపే మరో దెబ్బ పడింది. నూలు ఎగుమతులు పెరిగాయి. మిల్లులకు విదేశీ ఆర్డర్ అంటే లాభం. నేతన్నకు మాత్రం ఆ నూలే ముడిసరుకు. ఇక్కడ చిలపల నూలు రేటు పెరిగింది. బట్ట రేటు పెంచుదామంటే పక్కన మరమగ్గం సరుకు చౌకగా ఉంది. రెండు వైపులా నలిగిపోయారు. 1991లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేతన్నల ఆకలి చావులు దేశమంతా వార్తయ్యాయి.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. అదే ఏడాది నవంబర్‌లో కోటయ్య కన్నుమూశారు. మరుసటి ఏడాదే రిజర్వ్ చేసిన రకాలు 22 నుంచి 11కి తగ్గాయి. 2005 నుంచి ప్రపంచ బట్టల వ్యాపారంలో కోటాలు ఎత్తేశారు. ఎగుమతి మిల్లులకు తలుపులు తెరుచుకున్నాయి. ఇంట్లో మగ్గం పెట్టుకున్నవాళ్లకు పోటీ ఇంకా పెరిగింది.

వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆయన అడిగిన రక్షణ మాత్రం ఇప్పుడు 11 రకాలకే మిగిలింది. అసలు చేనేత చీరే కావాలంటే.. కొనేముందు హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందో లేదో చూసుకోండి.