ఇసుక గుట్టు తెలిసిన కాటన్ దొర

చింతలపూడి: మెట్టసీమలోని చింతలపూడికి సముద్రం దూరమే. అయినా ఇక్కడ కురిసిన వాన తమ్మిలేరులో కలిసి, ఏలూరు మీదుగా కొల్లేరు చేరి, ఉప్పుటేరు దారిన బంగాళాఖాతంలోకే పోతుంది. ఏటి నీటితోపాటు ఇసుకా కడలికి చేరితేనే తీరం నిలుస్తుంది. ఆ ఇసుకపై కట్టడాలు నిలపడంలో ఆరితేరిన ఇంజినీరు సర్ ఆర్థర్ కాటన్. గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసిన దొరగా ఆయన ఇంటింటికీ సుపరిచితుడు. సముద్రపు కోత నుంచి విశాఖ తీరాన్ని కాపాడేందుకు ఆయన చేసిన కృషి మాత్రం కొద్దిమందికే తెలుసు.

1803 మే 15న ఇంగ్లండ్‌లో జన్మించిన కాటన్ 1821లో మద్రాసు చేరారు. తంజావూరు ప్రాంతంలో పనిచేస్తూ, కావేరిపై చోళుల కాలంనాటి కల్లణైను నిశితంగా పరిశీలించారు. లోతెరుగని ఇసుకపై రాళ్లు పేర్చి ఆనకట్ట నిలిపిన పూర్వుల నేర్పు ఆయనకు పాఠమైంది. ఆ అనుభవంతోనే 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించారు.

1840ల తొలినాళ్లలో ఆయన విశాఖపట్నంలో ఉన్నారు. అలల తాకిడికి అక్కడి తీరం కోతకు గురవుతోంది. తీరం నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయేలా ఆయన రాతికట్టలు వేయించారు. వీటినే గ్రోయిన్లు అంటారు. తీరం వెంబడి కదిలే ఇసుకను ఇవి నిలువరిస్తాయి. అలా చేరిన ఇసుకే తీరానికి రక్షణ కవచమవుతుంది. అయితే ఒకచోట ఇసుక ఆగితే అవతలి తీరానికి కొరత తప్పదు.

1832-33 కరవు, 1839 ఉప్పెనలతో గోదావరి సీమ చితికిపోయి ఉన్న రోజులవి. కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అదీ ఇసుకపై నిలిచిన కట్టడమే. విజ్జేశ్వరం నుంచి వచ్చిన కాలువ ఏలూరు దాకా పల్లపు భూములను తడిపింది. చింతలపూడి మెట్టకు మాత్రం ఆ నీరు ఎక్కలేదు. 1861లో ‘సర్’ బిరుదు అందుకున్న కాటన్, 1899 జులై 24న ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ఆనకట్ట పైరుకు ప్రాణం పోసినా, తర్వాతి కాలంలో గోదావరి, దాని ఉపనదులపై వెలసిన జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడంతో తీరానికి చేరే మట్టి, ఇసుక తగ్గాయని పరిశోధకులు గుర్తించారు. ఉప్పాడలో ఇళ్లు, రహదారి అలల పాలయ్యాయి. విశాఖలో ఓడరేవు వద్ద తవ్వితీసిన ఇసుకను మళ్లీ బీచ్‌లో పోయాల్సి వస్తోంది.

ఏటా మే 15న డెల్టా రైతులు కాటన్ విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. నీరిచ్చినందుకు అది కృతజ్ఞత. నీటిని నిలుపుకొనే ప్రతి పథకంలోనూ తీరానికి అందాల్సిన ఇసుకను సైతం లెక్కలోకి తీసుకుంటే, ఇసుక గుట్టు తెలిసిన ఆ ఇంజినీరుకు అది నిజమైన నివాళి అవుతుంది.