జాన్ లౌడన్ మెకాడము

విమానాశ్రయమున విమానములు నిలుచు తావును, అవి పరుగిడు బాటను ఇంగ్లీషువారు వాడుకలో టార్మాక్ అందురు. నేడవి పెక్కులు కాంక్రీటుతోనో ఆస్ఫాల్టుతోనో కట్టబడినవే. ఐనను పేరు మారలేదు. అందు మొదటి సగము తారు. మన తారు అను మాటయు ఆ ఇంగ్లీషు మాటయే. రెండవ సగము ఒక మనుష్యుని ఇంటిపేరు.

జాన్ లౌడన్ మెకాడము 1756 సెప్టెంబరు నెలలో స్కాట్లండునందలి ఎయిర్ పట్టణమున జన్మించెను. 1770లో తండ్రి మరణింపగా, న్యూయార్కున వర్తకుడగు తండ్రి సోదరుని కడకు పంపబడెను. అచ్చట ధనము గడించి, 1783లో స్వదేశమునకు మరలి భూస్వామియయ్యెను. మ్యూర్కర్క్ అను గ్రామమున బొగ్గునుండి తారు తీయు కర్మాగారమునుగూడ కొంతకాలము నడపెను. ఆ తారు ఓడల అడుగులకు పూయుటకే. దానిని బాటమీద పోయవలెనని ఆయనకు తోచలేదు!

ఆ కాలపు బాటలు వాన కురిసినంతనే బురదమడుగులగుచుండెను. పెద్దబండలు పునాదిగా పరచిననేగాని బాట నిలువదని పలువురు నమ్మిరి. మెకాడము దానికి సమ్మతింపలేదు. నేల పొడిగా నుండెనేని ఎంతటి బరువునైనను ఆ నేలయే మోయును. కావున నీరు దిగకుండ జేయుటయే ముఖ్యమని ఆయన మతము. చుట్టుపట్ల నేలకంటె బాటను ఎత్తుచేసి, ఆరు ఔన్సులకు మించని కోసుగల రాళ్లను పరపించెను. బండిచక్రముల ఒత్తిడికే ఆ రాళ్లు ఒకదానితో నొకటి బిగిసికొనెడివి. స్త్రీలును వృద్ధులును కూర్చుండి చిన్నసుత్తులతో ఆ రాళ్లు కొట్టి కూలి సంపాదించిరి.

1816లో ఆయన బ్రిస్టలు బాటల పర్యవేక్షకుడయ్యెను. అప్పటికే సొంతధనము వెచ్చించి వేలకొలది మైళ్లు తిరిగి బాటలు పరీక్షించియుండెను. పార్లమెంటు కొంత సొమ్మిచ్చెను. సర్ బిరుదమును తాను నిరాకరింపగా, 1834లో కుమారుడు జేమ్సు దానిని పొందెను. 1836 నవంబరు 26వ తేదీని మోఫట్ పట్టణమున మెకాడము కాలధర్మము నొందెను.

1901లో హూలీ అను ఇంజనీరు, డెన్బీ ఇనుపకొలిమి చెంత తారుపీపా ఒలికిన చోట చిట్టెము పోయగా, ఆ మేర బాట దుమ్ము లేక నునుపై యుండుట గాంచెను. 1902లో పేటెంటు పొందెను. మరుసటియేట కంపెనీ వెలసెను. దాని సరకు పేరగు టార్మాక్, క్రమముగా అట్టి బాటల కన్నిటికిని పేరయ్యెను.

మన ఇంజనీర్లు నేటికిని నీటితో తడిపి రోలరుతో అణచిన కంకరబాటను వాటర్ బౌండ్ మెకాడము అనియే వ్రాయుదురు. అందు సందులు పూడ్చుటకు మట్టి చల్లుదురు. మెకాడము మాత్రము తన రాళ్లనడుమ మట్టి యొక దోసెడైనను కలుపనిచ్చెడివాడు కాడు.