బాబాసాహెబ్ తీసుకున్న కానుకలు, తిప్పి పంపిన కానుకలు



మన ఎర్రగుంట్ల పక్క పెండ్లిండ్లలో చదివింపులు రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరెంత చదివించినారో అందులో రాసిపెట్టుకొని, వాళ్లింట్లో కార్యం వచ్చినప్పుడు అంతకు తగ్గకుండా మనమూ చదివిస్తాం. ఇచ్చిన చేతికీ తీసుకున్న చేతికీ మధ్య ఒక ముడి పడుతుందని మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే పుస్తకంలోకి ఎక్కని కానుకలు కొన్ని ఉంటాయి. వాటి బాకీ ఏ రూపంలో తీర్చాలో తీసుకునేటప్పుడు తెలియదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన జీవితంలో ఏ కానుక తీసుకున్నాడు, ఏది వద్దన్నాడు అని చూస్తే ధమ్మంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టినాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. 1907లో భీమరావు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్ పాసైనాడు. అంటరానివాళ్ల పిల్లవాడు అంత చదువు చదవడం ఆ రోజుల్లో పెద్ద సంగతి. అందుకని సభ పెట్టి సన్మానం చేసినారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే పెద్దాయన తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను పిల్లవాని చేతిలో పెట్టినాడు. అది అడగని కానుక, అనుకోని కానుక. దాని వెనక షరతు ఏదీ లేదు. పిల్లవాడు దాన్ని తీసుకున్నాడు, చదివినాడు. తర్వాత ఎన్నో ఏండ్లకు, తాను బుద్ధుని వైపు ఎట్లా తిరిగినాడో చెప్పుకున్నప్పుడు ఆ పుస్తకం నుంచే మొదలుపెట్టినాడు.

రెండో పెద్ద సాయం బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్. దానితోనే 1913లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి పోగలిగినాడు. దానికి మాత్రం షరతు ఉంది. చదువైనాక పదేండ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాల. ఒప్పుకొని సంతకం చేసినాడు. 1917లో తిరిగొచ్చి, మాట ప్రకారం బరోడాకు పోయినాడు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేవాళ్లు. ఊర్లో అద్దెకు గది దొరకలేదు. పారసీల సత్రంలో పేరు మార్చుకొని తలదాచుకుంటే, సంగతి తెలిసి కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టినారు. ఆయన ఊరు విడిచి రావాల్సి వచ్చింది. మహారాజు మనసు మంచిదే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ కొలువు చుట్టూ కులం కంచె వేసుకొని కూర్చుంది.

అట్లని పై కులాలవాళ్ల సాయం ముట్టనని ఆయన ఎప్పుడూ శపథం పట్టలేదు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలైనప్పుడు కొల్హాపూర్ షాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చినాడు. ఆ డబ్బు తీసుకున్నాడు. నోరులేనివాళ్లకు నోరు ఇచ్చే పనికి వచ్చిన సాయం అది. అందులో తల వంచాల్సింది ఏమీ లేదు.

మరి వద్దన్నవి ఏవి?

1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం అయింది. ఆ తర్వాత దేశంలో చాలామంది పెద్దమనుషులకు అంటరానివాళ్ల మీద జాలి కలిగింది. 1933 ఫిబ్రవరిలో గాంధీ గారు హరిజన్ అనే వారపత్రిక మొదలుపెట్టి, మొదటి సంచికకు సందేశం పంపమని బాబాసాహెబ్‌ను అడిగినారు. ఆయన సందేశం పంపలేదు. కులం ఉన్నంతకాలం వెలి కూడా ఉంటుందనే అర్థం వచ్చేటట్లు ఒక ప్రకటన మాత్రం పంపినాడు. అదే నెలలో ఆలయ ప్రవేశ బిల్లుకు మద్దతు అడిగితే దానికీ ఒప్పుకోలేదు. గుడి తలుపు తీయాలా వద్దా అని ఆ ఊరి హిందువులు ఓట్లు వేసి తేల్చాలని ఆ బిల్లులో ఉంది. అంటరానితనం పాపమని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇట్లాంటి దయ మాకు అక్కరలేదని, మాకు కావాల్సింది చదువు, ఉద్యోగం, సమానత్వమని ఆయన తేల్చి చెప్పినాడు.

ఇంకొక కానుక పేరు రూపంలో వచ్చింది. దేవుని బిడ్డలు అనే అర్థంతో హరిజనులని పిలిచినారు. పిలిచినవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే పిలిచినారు. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో ఒక చట్టంలోకి ఆ మాట ఎక్కించబోతే భావూరావు గైక్వాడ్ అభ్యంతరం చెప్పినాడు. సభలో మెజారిటీ ఉన్నవాళ్లు వినలేదు. అప్పుడు బాబాసాహెబ్, ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యులు సభ నుంచి లేచి బయటికి వచ్చేసినారు. మా పేరు మేము పెట్టుకోవాల గానీ, మమ్మల్ని అడగకుండా ఇంకొకరు పెట్టేదేమిటి అనేదే వాళ్ల వాదం. పేరు తియ్యగా మారినంత మాత్రాన ఊరి బయట ఉన్న వాడ ఊర్లోకి రాదు కదా.

దీనికి కొంచెం ముందు, 1935 అక్టోబరు 13న యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించినాడు. అది మొదలు తంతులు, జాబులు వచ్చి పడినాయి. ముస్లిం నాయకులు రమ్మన్నారు, క్రైస్తవ బిషప్ రమ్మన్నాడు, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం నుంచి సిక్కులు రమ్మన్నారు, బనారస్ మహాబోధి సొసైటీ వాళ్లు కూడా రమ్మన్నారు. సమానత్వం ఇస్తామని ఒకరు, సాయం చేస్తామని ఒకరు. ఇక్కడ మనం ఒకటి గమనించాల. బౌద్ధులు పిలిచినా ఆయన ఆ తంతి చూసి బయల్దేరలేదు. పిలుపు వచ్చిందని ధమ్మంలోకి పోలేదు. ఇరవై ఏండ్లు చదివినాడు, పోల్చి చూసినాడు, ప్రశ్నలు వేసుకున్నాడు.

1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు తమ మహాసభకు అధ్యక్షునిగా పిలిచినారు. అదీ గౌరవమే. కానీ ఉపన్యాసం ముందుగా చదివినాక, కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒక్క అక్షరం తీయనన్నాడు. సభ రద్దయింది. ఆయన తన ఖర్చుతో 1,500 కాపీలు అచ్చు వేయించినాడు. కుల నిర్మూలన అని మనం ఇప్పుడు చదువుకునే పుస్తకం అదే. ఆ అధ్యక్ష పీఠం కోసం నాలుగు పేజీలు వదులుకొని ఉంటే, ఆ పుస్తకం మనకు ఈ రూపంలో వచ్చేది కాదు.

ఇదంతా తథాగతుని దారే. ఇల్లు విడిచి రాజగృహం చేరిన సిద్ధార్థునికి బింబిసారుడు రాజ్యంలో భాగం ఇస్తానన్నాడు. మంచి మనసుతో ఇవ్వబోయిన కానుకే అది. సిద్ధార్థుడు మర్యాదగా వద్దన్నాడు. తాను వెతికేది వేరే అని చెప్పినాడు. బుద్ధుడైన తర్వాత ఒక బ్రాహ్మణుడు కోపంతో వచ్చి నోటికొచ్చినట్లు తిట్టినాడు. బుద్ధుడు అతన్ని ఒక మాట అడిగినాడు. మీ ఇంటికి వచ్చిన చుట్టాలకు వడ్డించింది వాళ్లు తినకపోతే అది ఎవరిదవుతుందని. మాదే అవుతుందన్నాడు అతను. నీ తిట్లూ అంతే, నేను తీసుకోలేదన్నాడు బుద్ధుడు. తిట్టును వద్దనడం మనకు కొంచెం సులభం. తియ్యని మాటతో వచ్చేదాన్ని వద్దనడం కష్టం. బాబాసాహెబ్ చేసి చూపించింది ఆ కష్టమైన పని.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో భిక్షు చంద్రమణి దగ్గర ఆయన త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించినాడు. తర్వాత లక్షలాది మందికి తానే దీక్ష ఇచ్చినాడు. డిసెంబరు 6న పరినిర్వాణం పొందినాడు. 1907లో తీసుకున్న ఆ పుస్తకం 49 ఏండ్ల తర్వాత ఇన్ని లక్షల ఇండ్లకు చేరింది. తీసుకోదగిన కానుక అంటే అట్లా ఉంటుంది.

ఇప్పుడు మన వాడల సంగతి చూద్దాం. హరిజన అనే మాట వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 1982లోనే రాష్ట్రాలకు చెప్పింది. అయినా హరిజనవాడ అనే బోర్డులు మన జిల్లాల్లో ఇంకా కనిపిస్తాయి. ఎన్నికలప్పుడు అడగకుండానే చీరల ప్యాకెట్లు గడపలోకి వస్తాయి. ఊరి గుడిలో మనకు చోటు ఉందా లేదా అనే మాట ఎత్తకుండా, మీ వాడలోనే మీకు వేరే గుడి కట్టిస్తామని వస్తారు. ఇచ్చేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. అందుకే వాళ్ల మీద కోపం పెంచుకోనక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడిగితే చాలు. దీన్ని తీసుకుంటే నేను నిటారుగా నిలబడతానా, వంగుతానా? దీనికి బదులుగా నేను ఏ మాట మింగాల? ఇది నా బిడ్డ చదువుకు పనికొస్తుందా?

రెండో శీలం, ఇవ్వనిది తీసుకోవద్దంటుంది. ఇచ్చినదంతా తీసుకోమని అందులో ఎక్కడా లేదు. ఈ పున్నమికి విహారంలో కూర్చున్నప్పుడు మీ ఇంటికి ఈ ఏడాది వచ్చిన కానుకలను ఆ మూడు ప్రశ్నలతో లెక్క చూసుకోండి. పిల్లలకు మాత్రం, కేలుస్కర్ మాదిరి, ఒక పుస్తకం కొనివ్వండి.

జై భీమ్.