పొగగొట్టాలు బాగుచేసిన దొర

బాసరలో మే నెల ఎట్లుంటదో వేరే చెప్పక్కర్లేదు. పై అంతస్తులో గది దొరికినవాళ్లకైతే ఇంకా బాగా తెలుసు. పొద్దంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే తిరిగి తిరిగి ముఖాన కొడుతుంది. అట్లాంటి ఒక రాత్రి థర్మోడైనమిక్స్ చదువుతుంటే కౌంట్ రంఫర్డ్ పేరు తగిలింది. ఫిరంగి గొట్టాన్ని తొలుస్తూ రాపిడితో వేడి పుడుతుందని చూపించినాయన. టెక్స్ట్‌బుక్‌లో ఆయనకు దక్కింది రెండు లైన్లే. కానీ ఆయన బతికున్నప్పుడు లండన్ జనానికి తెలిసింది ఫిరంగి వల్ల కాదు, పాత ఇళ్లకు చేసిన రిపేర్ల వల్ల.

అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వోబర్న్ అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పదమూడేళ్లకు సేలంలో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ బాణాసంచా తయారు చేయబోతే పేలి ఒళ్లు కాలింది. తర్వాత కాంకర్డ్ అనే ఊరికి బడిపంతులుగా వెళ్లి, పందొమ్మిదేళ్ల వయసులో, తనకంటే చాలా పెద్దదైన సారా రోల్ఫ్ అనే ధనిక వితంతువును పెళ్లి చేసుకున్నాడు. 1774లో కూతురు పుట్టింది. ఆమె పేరు కూడా సారానే.

ఇక్కడి నుంచి కథ మనకు నచ్చేలా ఉండదు. స్వాతంత్ర్యం కోసం ఊరంతా లేస్తుంటే ఈయన బ్రిటిష్ వాళ్లకు కనపడని సిరాతో రహస్యాలు రాసి పంపాడు. 1776లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. భార్యను మళ్లీ చూడనే లేదు. ఆమె 1792లో చనిపోయింది.

ఇంగ్లండ్‌లో పదవులు, రాయల్ సొసైటీ సభ్యత్వం, సర్ బిరుదు వరుసగా వచ్చాయి. అక్కడి నుంచి జర్మనీలోని బవేరియా పాలకుడి కొలువుకు వెళ్లాడు. 1790 జనవరి 1న మ్యూనిక్‌లో బిచ్చగాళ్లను ఒక్క రోజులో పోగుచేయించి, పని, తిండి, వెచ్చటి చోటు ఉన్న ఒక పెద్ద వర్క్‌హౌస్‌కు చేర్చాడు. పట్టుకుపోవడం దౌర్జన్యమే, సందేహం లేదు. కానీ అంతమందికి రోజూ వండిపెట్టాల్సి రావడంతో ఆయన దృష్టి పొయ్యి మీద పడింది. తెరిచి ఉన్న మంట మీద గిన్నె పెడితే వేడి చాలావరకు గాల్లోకే పోతుంది. మన మూడు రాళ్ల పొయ్యిలో జరిగేదీ అదే. ఆయన ఇటుకలతో పొయ్యి కట్టి, ఒక్కో గిన్నెకు ఒక్కో గుంట, దాని కింద చిన్న మంట పెట్టించాడు. బార్లీ, బఠాణీ, ఆలుగడ్డ కలిపి చారు కాయించాడు. ఈ సేవలకే కౌంట్ అయ్యాడు. బిరుదు కోసం ఎంచుకున్న పేరు రంఫర్డ్. అది తాను వదిలేసి వచ్చిన కాంకర్డ్ ఊరి పాత పేరు. ఎందుకు పెట్టుకున్నాడో ఎవరి ఊహ వారిది.

1795లో లండన్ తిరిగొచ్చాడు. అప్పటి లండన్ ఇళ్లు నాలుగైదు అంతస్తులు, గదికో నెగడు. బొగ్గు బస్తాలు మండినా గది వెచ్చబడదు, పొగ మాత్రం గదిలోకే వస్తుంది. రంఫర్డ్ పట్టుకున్న లోపం చిన్నది. మంట పైన పొగ వెళ్లే గొంతు మరీ వెడల్పు. దాంతో పొగతో పాటు గదిలోని వెచ్చటి గాలి కూడా పైకి లాగేసుకుపోతుంది, ఆ ఖాళీలోకి తలుపు సందుల నుంచి చలిగాలి దూరుతుంది. ఆయన ఆ గొంతును నాలుగు అంగుళాలకు కుదించాడు. వెనక గోడను ముందుకు జరిపి, ముందు వెడల్పులో మూడో వంతుకు తగ్గించాడు. పక్క గోడలను వెనక గోడతో 135 డిగ్రీల కోణంలో తిప్పాడు, మంట వేడి నేరుగా గదిలోకి విసిరినట్టు రావాలని. ఇనుము వద్దన్నాడు, రాయో ఇటుకో వాడి దానికి సున్నం కొట్టమన్నాడు. పొగగొట్టం ఊడ్చే పిల్లాడు పైకి ఎక్కాలి కదా, అందుకు ఒక రాయిని తీసి పెట్టుకునేలా వదిలాడు. ఈ ఒక్క వివరం చదివినప్పుడు ఈయన నిజంగా ఇంజనీరే అనిపించింది.

ఇల్లు కూల్చలేదు, పొగగొట్టం మార్చలేదు. కాసిన్ని ఇటుకలు, కొంచెం సున్నం, ఒక తాపీమేస్త్రి. 1796లో కొలతలతో సహా వ్యాసం అచ్చువేశాడు. పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. డబ్బున్నవాళ్ల ఇళ్లలో ఇది ఫ్యాషన్ అయిపోయింది. కార్టూనిస్టు గిల్‌రే బొమ్మ గీశాడు, జేన్ ఆస్టెన్ నవలలోకి కూడా ఎక్కింది. బొగ్గు కొనలేని పేదల కోసం లెక్క కట్టిన పద్ధతి ముందు దివాన్‌ఖానాలకే చేరింది. ఇప్పటికీ ఇట్లాంటివి అట్లాగే చేరుతున్నాయి.

ఫిరంగి పేపర్ వచ్చింది 1798లో. మొద్దు బరమాను గుర్రాలతో తిప్పిస్తే, చుట్టూ పోసిన చల్లటి నీళ్లు రెండున్నర గంటల్లో నిప్పు లేకుండానే మరిగాయి. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టడంలో ముందు నిలిచాడు. అక్కడికి హంఫ్రీ డేవీని తెచ్చింది కూడా ఆయనే.

ముసలితనంలో పారిస్‌లో చలికాలం తెల్లకోటు, తెల్లటోపీ వేసుకుని తిరిగేవాడు, తెలుపు ఒంటి వేడిని తక్కువగా బయటికి పంపుతుందని. మెరిసే లోహం విషయంలో అది నిజం. తెల్లబట్ట విషయంలో మాత్రం దొర లెక్క తప్పింది. మన ఒంటి వేడి లాంటి తక్కువ వేడిని తెలుపూ నలుపూ దాదాపు ఒకేలా వదులుతాయి. ఆయన తప్పే మనకు లాభం. తెల్లరంగు వేసిన డాబా పగలు ఎండను తిప్పికొడుతుంది, రాత్రి తనలోని వేడిని ఆకాశానికి ధారాళంగా వదిలేస్తుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనకున్న ఫిజిక్స్ ఇదే. ఆయనది వేడి బయటికి పోకుండా ఆపే గోల, మనది లోపలికి రాకుండా ఆపే గోల. నిజామాబాద్‌లోనో కరీంనగర్‌లోనో ఉన్న పాత అపార్ట్‌మెంట్ పైకప్పుకు కూడా కూల్చివేత అక్కర్లేదు, కొన్ని బకెట్ల తెల్లరంగు, రెండు బ్రష్‌లు చాలు.

ఇల్లు వెచ్చబెట్టడం తెలిసినాయనకు సంసారం చేతకాలేదు. 1805లో లవాజియే వితంతువు మేరీ ఆన్‌ను పెళ్లాడాడు. ఆమె చుట్టాలు, స్నేహితులు రాకుండా ఈయన గేటుకు తాళం వేయించాడు, ఆమె ఈయన పూలమొక్కల మీద మరిగే నీళ్లు పోసింది. 1809లో విడిపోయారు. 1814 ఆగస్టు 21న పారిస్ దగ్గర ఓటై‌లో చనిపోయాడు.

కూతురు సారా చివరికి కాంకర్డ్‌లోని తల్లి ఇంటికే చేరింది. 1852లో ఆమె పోయాక ఆ ఇల్లు, ఆమె రాసిన వీలునామా ప్రకారం, తల్లిలేని పేద ఆడపిల్లలకు ఆశ్రయం అయింది.